ఏడో స్టేజీ – 11: ఎవరూ గీయని మనిషి

చీపురుపల్లి నుంచి ఒక పాఠకురాలు కార్డు రాశారు. దేవి చేత ఇక ఆ ఆట ఆడించొద్దనీ, వాళ్లింట్లో పిల్లలు టీవీ ఉన్న గదిలోకి ఒంటరిగా వెళ్లడం మానేశారనీ. అమ్మా, నా చేతిలో పనయితే ఆ లాప్‌టాప్‌ని ఎప్పుడో మూయించేవాణ్ని. నేను చెబితే వినే పిల్ల కాదని మీరూ పది వారాలుగా చూస్తూనే ఉన్నారు.

కొత్తగా మొదలుపెట్టినవాళ్ల కోసం కథ ఎక్కడుందో నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. మొగపేట అనేది వంశధార సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఉన్న చేపలవాళ్ల ఊరు. కూర్మయ్య కొడుకు యుగంధర్ ఆషాఢంలో వేటకి వెళ్లి తిరిగి రాలేదు. వెంట వెళ్లిన మేనబావ ధనరాజు ఒక్కడే బోటుతో ఒడ్డు చేరాడు. శవం దొరకలేదు. యుగంధర్‌కి ఒక పిచ్చి ఉండేది. మన చిన్నప్పుడు టీవీకి తగిలించుకుని ఆడిన వీడియోగేముల్లో పడవ ఆట ఒకటుండేది కదా, దాన్ని కంప్యూటర్లో విప్పి, అందులోని కొండలూ చెట్లూ తీసేసి, మొగపేట తీరాన్ని గీసి పెట్టుకున్నాడు. అలా మార్చిన పాత ఆటల్ని అభిమానులు పంచుకునే వెబ్‌సైటు ఒకటుంది. తన ఆట కూడా అందులో పెట్టేవాడు. బతికుండగా ఆరు స్టేజీలు చేశాడు. ఏడోది వాడు పోయాక వచ్చింది, వాడి పేరు మీదే వచ్చింది. అక్క దేవి మొన్న సోమవారంనాడు దాన్ని కంప్యూటర్లోకి దింపుకుంది.

ఆ ఏడో స్టేజీలో నీళ్లలో ఒక మనిషి ఉన్నాడు. ఒక చెయ్యి పైకెత్తి ఉంటాడు. దేవి ఓడిన ప్రతిసారీ పడవకి ఇంకాస్త దగ్గరకి వస్తాడు. పోయినవారం మనం ఆగిన చోట, ముప్పై ఒకటోసారి ఓడినప్పుడు, ఆ చెయ్యి పడవ అంచుకి వేలెడు దూరంలో ఉంది. కొడుకు ఆటని ఏనాడూ కన్నెత్తి చూడని కూర్మయ్య సరిగ్గా అప్పుడే అన్నం తినడానికి లోపలికొచ్చి తెరవైపు చూశాడు. చూసినది నీళ్లలో మనిషిని కాదు, వెనకున్న తీరాన్ని. చూసి ఒకే మాట అడిగాడు. "ఈ సోటు దీనికి ఎవులు సెప్పారు?"

ఆ మాటకి అర్థం తెలియాలంటే గుర్తు అంటే ఏమిటో తెలియాలి. నీటి అడుగున చేపలు మూగే రాళ్లగుట్టలు కొన్ని ఉంటాయి. సముద్రం మీద వాటికి బోర్డు పెట్టి ఉండదు. పడవలో నిలబడి తీరం వైపు చూడాలి. ఒడ్డు మీద ఉన్న రెండు వస్తువులు ఒకదాని వెనక ఒకటి వచ్చేదాకా బోటు నడపాలి. అలాంటి జతలు రెండు ఒకేసారి కుదిరితే ఆ చోటు దొరికినట్టే. ఇప్పుడు అన్ని బోట్లలోనూ జీపీఎస్ ఉంది, కానీ దాన్ని ఎవడైనా నొక్కి చూసేస్తాడని మంచి చోట్లు అందులో దాచరు. ప్రతి ఇంటికీ సొంత గుర్తు ఉంటుంది. తండ్రి కొడుకుని ఆ చోటికే తీసుకెళ్లి చూపిస్తాడు, ఒడ్డు మీద దాని ఊసెత్తడు. కూర్మయ్య ఇంటి గుర్తు ఇది: లైట్‌హౌస్ వచ్చి కత్తెరకొండ రెండు శిఖరాల మధ్య గాడిలో కూర్చోవాలి, తెల్లటి తుఫాను షెల్టరు జంట తాటిచెట్ల నడుమ కనపడాలి. వాళ్ల తాత కాలంలో షెల్టరు లేదు, అక్కడ ఉప్పు నిలవచేసే కొటారు ఉండేది. గుర్తు మాత్రం అదే.

ఏడో స్టేజీలో పడవ వెనక కనపడే తీరం బొమ్మ అచ్చం అదే. లైట్‌హౌస్ గాడిలో ఉంది, షెల్టరు చెట్ల నడుమ ఉంది. ధనరాజు ఆషాఢంలో ఊరికి చెప్పింది మాత్రం వేరు. దక్షిణాన, వంశధార కలిసే ఏటి మొగకి ఎదురుగా అల కొట్టిందన్నాడు. నాలుగు రోజుల పాటు నలభై బోట్లు అక్కడే వెతికాయి.

ఇక ఈ వారం సంగతి. రేపు కార్తీక పౌర్ణమి. సముద్రంలో పోయి దొరకని మనిషికి మొగపేటలో అయిదు పున్నములు చూస్తారు. అప్పటికీ రాకపోతే వాడి నిలువుకి సరిపడా గడ్డితో బొమ్మ కట్టి, వాడి చొక్కా తొడిగి, ఒడ్డున కాల్చేస్తారు. బొమ్మ కాలాక ఆ మనిషి పోయినట్టే. ఇక ఆ ఇంట్లో వాడి కోసం ఎవరూ ఎదురుచూడకూడదు, పొద్దున లేచి నీళ్లవైపు చూడకూడదు. చూస్తే పోయినవాడికి దారి దొరకదంటారు. రేపటిది అయిదో పున్నమి.

మధ్యాహ్నం రెండయింది. వాకిట్లో యుగంధర్ తల్లి తవిటమ్మ గడ్డి పరుచుకుని కూర్చుంది. కొడుకు నిలువు కొలవడానికి ఆవిడకి టేపు అక్కర్లేదు. ఇంటి గుమ్మానికి పదేళ్లుగా ప్రతి ఉగాదికీ వాడిని నిలబెట్టి బొగ్గుతో పెట్టిన గీతలున్నాయి. పై గీత నుంచి నేలదాకా దారం పట్టుకుని కొలిచి, ఆ దారాన్ని గడ్డి పక్కన పరిచింది. నీలం చొక్కా ఒళ్లో పెట్టుకుంది. ఏడవడంలేదు. ఏడుపు ఆషాఢంలోనే అయిపోయింది ఆవిడకి.

ధనరాజు సైకిల్ మీద సరుగుడు కట్టెలు వేసుకుని వచ్చాడు. ఇరవై మూడేళ్ల కుర్రాడు, అయిదు నెలల్లో మనిషి సగమయ్యాడు. ఊళ్లో అందరూ వాడికి బావమరిది మీద ఎంత ప్రేమో అనుకున్నారు. నేనూ మొదట అలాగే రాశాను, ఎవరైనా రెండో వారం సంచిక దాచుకుని ఉంటే తీసి చూడండి.

"అత్తా, కట్టెలు తెచ్చినాను. ఎండినయ్యే. రేపటికి ఇబ్బందుండదు" అన్నాడు.

తవిటమ్మ తలెత్తలేదు. "అక్కడెట్టు. లోపలికెళ్లు, మీ మావ పిలస్తన్నాడు."

లోపల టీవీ పెట్టి ఉంది. లాప్‌టాప్ నుంచి దానికి వైరు వేసింది దేవి. పాత ఆటల్ని కంప్యూటర్లో ఆడించే సాఫ్ట్‌వేర్ ఒకటి తమ్ముడే నేర్పాడు తనకి. తీగతో ఉన్న పాత రిమోట్, రెండు ఎర్ర బటన్లది, చాప మీద ఉంది. ఒక బటన్ మీద ఎరుపు అరిగిపోయి తెల్లబడింది. యుగంధర్ బొటనవేలు అరగదీసింది అది. కూర్మయ్య గోడకి చేరబడి కూర్చున్నాడు. యాభై రెండేళ్ల మనిషి, ఆషాఢం నుంచి బోటు ఎక్కలేదు.

"కూకో" అన్నాడు. "ఒక ఆట ఆడు."

ధనరాజు తెర చూశాడు. గుమ్మంలోంచి లోపలికి పెట్టిన కాలు అక్కడే ఆగింది.

"ఇదేటి మావా, ఇప్పుడు ఆటలేటి. అవతల పనుంది."

"పని రేపు. కూకో."

"నాకు రాదు మావా. ఆటలన్నీ ఆడివే కదా."

"రాకపోతే ఓడిపోతావు, అంతే కదా బావా" అంది దేవి. "నాను ముప్పై ఒక్కసారి ఓడిపోనాను. నువ్వూ ఒకసారి ఓడిపో."

ఈ ఇద్దరికీ మాఘంలో ముడి వేద్దామని రెండిళ్లవాళ్లూ అనుకున్న సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ మాట ఇప్పుడెవరూ ఎత్తడంలేదు. దేవి రిమోట్ తీసి వాడి చేతిలో పెట్టింది. వాడి వేళ్లు చల్లగా ఉన్నాయి.

ఆట మొదలయింది. ఆ పాత ఆటల పాట మీకు తెలుసు, మూడు స్వరాలు తిరిగి తిరిగి వస్తుంటాయి. చిన్నప్పుడు అది వింటే హుషారొచ్చేది. ఆ గదిలో దాన్ని వినాలంటే నాకే కష్టంగా ఉంది. తెర మీద చిన్న పడవ, అందులో నాలుగు చుక్కల ముఖంతో ఒక మనిషి. నీళ్లు నీలంగా అడ్డగీతలుగా కదులుతున్నాయి.

ఏడో స్టేజీలో ఒక మెలిక ఉంది. మిగతా ఆరింట్లో రాళ్లు కంటికి కనపడతాయి, తప్పించుకుని పోవచ్చు. ఏడో దాంట్లో రాళ్లు నీటికింద ఉంటాయి. తగిలాకే తెలుస్తుంది. ఆ రాళ్లన్నీ ఎక్కడున్నాయో తెలుసుకోవడానికి దేవికి పద్నాలుగు ఓటములు పట్టాయి. ఆ తర్వాత పదిహేడు ఓటములూ నీళ్లలో మనిషి దగ్గర జరిగినవి.

ధనరాజు ఒక్క రాయికీ తగల్లేదు. కుడి, ఎడమ, ఆగి, మళ్లీ ఎడమ. వాడు తెరవైపు సరిగ్గా చూడటం కూడా లేదు. వేళ్లు వాటంతటవే పోతున్నాయి. రాళ్లు దాటి లోతునీళ్లలోకి వచ్చాక గాని తానేం చేశాడో వాడికి అర్థం కాలేదు. అప్పుడు వేళ్లు ఆగిపోయాయి.

"ఒక్కసారి కూడా తగల్లేదు బావా" అంది దేవి నెమ్మదిగా. "మొదటిసారి ఆడినోడివి."

"అదృష్టం."

"ఇది సేసింది నువ్వు" అంది. "ఆడి పేరు మీద నువ్వెట్టినావు. ఆడి పాస్‌వర్డు నీకు తప్ప ఇంకెవులికీ తెలీదు."

"నాను కాదు."

కూర్మయ్య అప్పుడు మాట్లాడాడు. గొంతు పెంచలేదు. "ఒరే ధనా. పట్నమోడు తీరం గీస్తే కొండెట్టి, సెట్టెట్టి, అందంగా గీస్తాడు. మనం అలగ గీయలేం. మన కంటికి తీరమంటే గుర్తే. సేత్తో గీసినా గుర్తే వస్తాది. ఆ లైట్‌హౌసు గాడిలో కూకున్నాది సూడు, సరిగ్గా నడిమిన. అది నువ్వు కావాలని ఎట్టింది కాదు. నువ్వు సూసింది అలగున్నాది కాబట్టి అలగ వచ్చినాది. నువ్వు ఆ సోట ఉన్నావు. ఏటిమొగ కాడ కాదు."

అబద్ధం చెప్పడానికి ఇంకొక్క మాట కూడా మిగల్లేదు ధనరాజుకి. అయిదు నెలలు మోసింది ఒక్కసారిగా జారిపోయినట్టు వాడి భుజాలు కిందికి దిగాయి. నాకు వాడి మీద కోపమే, కానీ ఆ దిగడం చూస్తే జాలి కూడా వేసింది. రెండూ ఉన్నాయి, దాచుకోవడం ఎందుకు.

"ఆడే తీసుకెళ్లినాడు మావా" అన్నాడు. "నీకు సెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. ఆటలో ఏడో స్టేజీ మన గుర్తు మీద ఎట్టాలి, ఒకసారి సరిగ్గా సూసి వద్దామన్నాడు. లంగరేస్తే రాళ్లలో సిక్కుకున్నాది. అయిదు బారల లోతు. ఇడిపిస్తానని ఆడు దిగినాడు. అప్పుడే గాలి తిరిగినాది."

"తరవాత."

"బోటు అడ్డం తిరిగిపోయినాది. నీళ్లు లోపలికొచ్చేస్తన్నాయి. లంగరు తాడు బిగుసుకుపోయినాది. ఇంకొక అలొస్తే బోల్తానే." వాడు ఊపిరి పీల్చుకున్నాడు. "తాడు కోసేసినాను."

వాకిట్లో గడ్డి చప్పుడు ఆగింది. తవిటమ్మ వింటోంది.

"ఆడు కింద ఉండగా" అంది దేవి.

"కింద ఉండగానే. కోసేసి ఇంజను ఏసినాను."

"ఆడు పైకొచ్చినాడేటి?"

టీవీలో మూడు స్వరాలు తిరుగుతూనే ఉన్నాయి.

"వచ్చినాడు" అన్నాడు. "ఎనక్కి తిరిగి సూసినాను. సెయ్యెత్తినాడు. పది బారల దూరం కూడా లేదు. తాడిసిరితే అందేవోడే. ఎనక్కి తిప్పితే బోల్తా పడతామని తిప్పలేదు. ఇంటికొచ్చేసినాను."

"నాలుగు రోజులు" అంది దేవి. "నాలుగు రోజులు అందరూ ఏటిమొగ కాడ ఎతికినారు. నువ్వు మా బోటులోనే కూకుని ఎతికినావు. ఆడు డబ్బానో సెక్కో పట్టుకుని అక్కడ తేలతా ఉండుంటే? మా తమ్ముడు బోట్ల సప్పుడు ఇని, అవి ఇటు రాకుండా అటెళ్లిపోతంటే..."

"గుర్తు కాడని సెప్తే, ఎందుకు ఒగ్గేసినావని అడుగుతారని సెప్పలేదు. మొదటి దినం సెప్పలేదు. రెండో దినం మరి సెప్పలేకపోనాను." వాడు కూర్మయ్య కాళ్లవైపు చూస్తూ మాట్లాడుతున్నాడు. "నిద్దర పట్టేది కాదు మావా. ఆడి లాప్‌టాప్ తీసి ఏడో స్టేజీ నానే గీసి, ఆడి పేరు మీద ఎట్టినాను. రెండు బటన్లు ఒక్కసారే నొక్కితే పడవోడు తాడిసిరినట్టు ఎట్టినాను. అది ఎవులికీ తెలీదు. నాకోసమే ఎట్టుకున్నాను. రోజూ ఆ సోటుకెళ్లి, పడవ ఆపి, తాడిసిరేవోణ్ని. అంతే. అక్కడితో ఆట ఆగిపోతాది."

కూర్మయ్య కళ్లు మూసుకున్నాడు. కొట్టలేదు, తిట్టలేదు. తనని రెండు దెబ్బలు వేసినా బాగుండేదని ధనరాజు అనుకుని ఉంటాడు.

"తాడిసిరేవోడివి" అంది దేవి. "మరి నీళ్లలో ఆణ్ని సెయ్యెత్తి అలగ నిలబెట్టడానికి నీకు మనసెలా వచ్చినాది?"

"ఎవుణ్ని?"

"నీళ్లలో మనిషిని."

"నీళ్లలో నాను ఎవుణ్నీ ఎట్టలేదు" అన్నాడు ధనరాజు. "ఆణ్ని గీద్దామని సెయ్యాడలేదు. వట్టి నీళ్లే. వట్టి నీళ్లలోకే తాడిసిరేవోణ్ని."

దేవి తెరవైపు చెయ్యి చూపించింది. ధనరాజు ఇందాకటి నుంచి కూర్మయ్య కాళ్లవైపే చూస్తున్నాడు, ఇప్పుడు తలెత్తి చూశాడు. పడవ లోతునీళ్లలో ఆగి ఉంది. దాని పక్కన, అంచుకి వేలెడు దూరంలో, నాలుగు చుక్కల ముఖం. చెయ్యి పైకెత్తి ఉంది. అల వచ్చినప్పుడల్లా ముఖం మునిగి మళ్లీ తేలుతోంది.

రిమోట్ వదిలేసి గోడదాకా వెనక్కి జరిగాడు.

"కుడి సెయ్యి" అన్నాడు. "కుడి సెయ్యే ఎత్తినాడు. నాను ఎవులికీ సెప్పలేదు. ఇప్పుడు సెప్పిందాకా ఎవులికీ సెప్పలేదు."

"నువ్వెట్టింది ఏ రోజు?"

"ఆషాఢం ఆఖర్న. ఒక్కసారే. మళ్లీ దాన్ని మార్చలేదు."

దేవి లాప్‌టాప్ మీదకి వంగింది. ఆ వెబ్‌సైటులో ఏ ఫైలు ఎప్పుడు పెట్టారో పక్కనే ఉంటుంది. రెండు వరసలున్నాయి. కిందది ఆషాఢానిది. పైది, తాను దింపుకున్నది, మొన్న ఆదివారానిది. సోమవారం దింపుకునేటప్పుడు తేదీ చూడాలని తోచలేదు తనకి. తమ్ముడి పేరు చూసిన కంటికి ఇంకేదీ కనపడలేదు.

"పాస్‌వర్డు నీకూ ఆడికీ తప్ప తెలీదు" అంది మళ్లీ. ఈసారి అది నింద కాదు.

కూర్మయ్య కళ్లు తెరిచాడు. "తాడిసురు" అన్నాడు.

"మావా, నావల్ల కాదు."

"ఇసురు. ఆ రోజు ఇసరలేదు కదా. ఇప్పుడిసురు."

ధనరాజు చాప మీద పాక్కుంటూ వచ్చి రిమోట్ తీసుకున్నాడు. రెండు బొటనవేళ్లూ రెండు బటన్ల మీద పెట్టాడు. ఒకటి ముందూ ఒకటి వెనకా పడింది, ఏమీ జరగలేదు. దేవి తన చేతులు వాడి చేతుల మీద వేసి గట్టిగా నొక్కింది.

పడవలోంచి తెల్లటి గీత ఒకటి బయటికి వచ్చి నీళ్ల మీద పడింది. నీళ్లలో ఉన్న చెయ్యి దాన్ని అందుకుంది. మూడు కుదుపుల్లో ఆ మనిషి పైకి వచ్చేశాడు. పాత ఆటలు కదా, మనుషులు ఎక్కడమూ దిగడమూ అలాగే తడబడుతూ ఉంటుంది. ఇప్పుడు పడవలో ఇద్దరున్నారు. పడవ ఒక గీత కిందికి దిగింది, నిజంగా బరువెక్కినట్టు.

పాట ఆగిపోయింది.

"ఇక్కడితో అయిపోవాలి" అన్నాడు ధనరాజు గొణుగుతూ. "నల్లగా అయిపోవాలి. నానెట్టింది అంతే."

తెర నల్లబడింది కూడా. దేవి లోపల లెక్కపెట్టుకుంది, ఒకటి, రెండు, మూడు. నాలుగు అనేలోపు తెర మళ్లీ వెలిగింది. మూలన, ఎప్పుడూ స్టేజీ అంకె ఉండే చోట, ఎనిమిది అని ఉంది.

అదే సముద్రం, అవే నీలం అడ్డగీతలు. పడవలో కొత్తగా ఎక్కినవాడు ముందు కొన దగ్గర కూర్చుని ఉన్నాడు, ముఖం ఇటు తిప్పుకుని. వెనక అదే తీరం. లైట్‌హౌస్ గాడిలో కూర్చుని ఉంది. తెల్లటి షెల్టరు ఉంది.

కూర్మయ్య మోకాళ్ల మీద జరుగుతూ టీవీ దగ్గరకి వెళ్లాడు. తెర మీద వేలు పెట్టాడు. ఆ వేలు షెల్టరుకి ఎడమన ఉన్న తాటిచెట్టు మీద ఆగింది. తర్వాత కుడివైపుకి జరిగింది. కుడివైపున చెట్టు లేదు. మొదలు దగ్గర చిన్న మోడు, అంతే.

"దేవీ" అన్నాడు. "కుడిపక్క సెట్టు ఎప్పుడు పడ్డాది?"

"పోయిన బుధారం. తుఫానుకి."

"బుధారం" అన్నాడు. "ఇందాకటి దాంట్లో రెండు సెట్లున్నాయి. అది ఈడు ఆషాఢంలో సూసిన తీరం. దీంట్లో ఒక్కటే ఉన్నాది. ఇది గీసినోడు బుధారం తరవాత సూసినాడు. ఒడ్డున నిలబడి కాదు. గుర్తు కాడ నుంచి సూసినాడు. లైట్‌హౌసు గాడిలో కూకోడం అక్కణ్నుంచి తప్ప ఇంకెక్కణ్నుంచీ కనపడదు."

మిగతాది ముగ్గురికీ తెలుసు. తుఫాను ముందు రోజు ఎగరేసిన ఎర్రజెండా ఇంకా దించలేదు. పది రోజులుగా మొగపేట నుంచి ఒక్క బోటు నీళ్లలోకి దిగలేదు, పక్క పేటల నుంచి కూడా. ఆ గుర్తు తెలిసినవాళ్లు లోకంలో ముగ్గురు. ఒకడు చాప మీద కూలబడి ఉన్నాడు, ఒకడు తెర మీద వేలు పెట్టి కూర్చున్నాడు.

"మావా, ఆడు సచ్చిపోనాడు" అన్నాడు ధనరాజు. "సచ్చిపోయే ఉంటాడు. అయిదు నెలలు ఎవుడు బతుకుతాడు నీళ్లలో. నువ్వే సెప్పు."

"నాకు తెలీదు" అన్నాడు కూర్మయ్య. ముప్పై ఏళ్లు సముద్రం చూసిన మనిషి ఆ మాట అనడం దేవి ఎప్పుడూ వినలేదు. "బతికున్నాడో లేదో నాకు తెలీదు. అక్కడున్నాడు. అది మట్టుకు తెలుసు."

గుమ్మంలో వెలుతురు తగ్గింది. తవిటమ్మ వచ్చి నిలబడింది. ఒక చేత్తో గడ్డిబొమ్మని చంటిపిల్లాడిని ఎత్తుకున్నట్టు పట్టుకుంది. దానికి చొక్కా తొడిగేసి, మెడ దగ్గర బొత్తాం కూడా పెట్టేసింది. ఆవిడ ధనరాజు వైపు చూడలేదు, మొగుడి వైపూ చూడలేదు. టీవీ వైపే చూస్తోంది.

"రేపు కాల్సేద్దామా వద్దా, అది సెప్పు" అంది కూర్మయ్యతో. "కాల్సేస్తే ఆడికోసం మరి సూడకూడదు. నాను సూడకుండా ఉండలేను. ఇప్పుడే సెప్తన్నాను."

తవిటమ్మ నేల మీద కూర్చుని, బొమ్మ మెడ దగ్గర బొత్తాం విప్పింది. తర్వాత రెండోది, మూడోది. చొక్కా తీసి గడ్డి పరకలు దులిపి, మడత పెట్టి ఒళ్లో ఉంచుకుంది. బొమ్మని గోడవైపు తిప్పి పడుకోబెట్టింది.

దేవి ఆట ఆపేద్దామని లాప్‌టాప్ దగ్గరకి వెళ్లబోయింది. తవిటమ్మ కూతురి కొంగు పట్టుకుని ఆపింది.

"ఉండు. ఆ సెట్టు సూడు."

దేవి చూసింది. రిమోట్ చాప మీద పడి ఉంది. ధనరాజు చేతులు వాడి ఒళ్లో ఉన్నాయి. ఎవరూ ఏదీ నొక్కడం లేదు. తెర మీద నీలం గీతలు వెనక్కి జరుగుతున్నాయి. ఇందాక చిటికెన వేలంత ఉన్న ఒంటి తాటిచెట్టు ఇప్పుడు చూపుడువేలంత అయింది. లైట్‌హౌస్ గాడిలోంచి పక్కకి తప్పుకుంది. షెల్టరు గోడ మీద కిటికీలు కనపడుతున్నాయి.

"ఇంటికొస్తన్నారు" అంది తవిటమ్మ. చొక్కా తీసుకుని లేచి, వాకిలి దాటి ఒడ్డువైపు నడవడం మొదలుపెట్టింది.